రింగు కింద కబుర్లు

పరీక్షలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి, ఆబిడ్స్ బడుల్లో బాస్కెట్‌బాల్ బంతులు బయటికొచ్చాయి. వేసవి శిబిరాల కాలం కదా, తెల్లారీ తెల్లారకముందే గోడల అవతల దబ్‌దబ్‌మని డ్రిబ్లింగ్ చప్పుడు మొదలవుతోంది. ఎనిమిది దాటితే సిమెంటు నేల మీద బూటు నిలవదు కాబట్టి ఆలోపే మ్యాచ్ ముగించుకుని ఆటగాళ్ళూ రెఫరీలూ ఇరానీ హోటల్‌లో తేలుతున్నారు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ ఎవరు ఎన్ని పాయింట్లు వేశారో కాదు, ఏ కోర్టు ఏం తమాషా చేసిందో చెప్పుకుంటున్నారు.

ముందుగా వేపచెట్టు సంగతి. పాత బడి ఆవరణ అన్నాక చెట్టుంటుంది, చెట్టన్నాక కొమ్మ కోర్టు మీదికి వంగుతుంది. మూల నుంచి ఎత్తుగా వేసిన షాట్ ఆకులకు తగిలి దిశ మార్చుకుంటే బయటి జట్టు ‘మళ్ళీ వేస్తాం సార్’ అంటుంది. అక్కర్లేదు. కోర్టు పైన ఉన్న దేనికి తగిలినా బంతి అవుటేనని రూల్సులో ఎప్పుడో రాసి ఉంది. ఆ బడి పిల్లలు మాత్రం ఆ మూల నుంచి షాట్ జోలికే పోరు, చక్కగా పాస్ ఇచ్చేస్తారు. కొమ్మ కొట్టించేయమనే పెద్దమనిషి ఏటా ఒకరు బయల్దేరతారు. ఆ మాట చెప్పేది కూడా దాని నీడలో కూచునే!

ఇక గోడలు. గీతకు అవతల కనీసం 2 మీటర్ల ఖాళీ ఉండాలంటారు. మన దగ్గర కొన్నిచోట్ల చెయ్యి చాపితే గోడే. లేఅప్‌కి పరుగెత్తుకొచ్చినవాడు బంతి వదిలీ వదలగానే రెండు అరచేతులూ గోడకు ఆన్చి ఆగాలి. సున్నం మీద భుజాల ఎత్తున మట్టిచేతుల ముద్రలు వరసగా కనిపిస్తాయి, పెద్దవి పైన, చిన్నవి కింద. బేస్‌లైన్ దగ్గర ఉండాల్సిన రెఫరీ నిలబడే చోటు లేక క్లాసు వరండా మెట్టెక్కి విజిల్ వేస్తాడు. ఇలాంటి ఇరుకు కోర్టుల్ని రూల్సు రాసినవాళ్ళూ ఊహించారండోయ్. అవతల 2 మీటర్లు లేకపోతే, త్రో-ఇన్ చేసేవాడికి ఒక మీటరు దూరంలో ఎవరూ ఉండకూడదని నిబంధనే పెట్టారు. కొత్త రెఫరీల్లో చాలామందికి ఇది పుస్తకంలో చదివిన ముక్క. ఆబిడ్స్‌లో నాలుగు మ్యాచ్‌లు చేస్తే కంఠతా వస్తుంది.

ఇరుకెందుకంటారా? బడులు ఆటకంటే పెద్దవి మరి. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు 1834 నాటిది, గన్‌ఫౌండ్రీ ఆల్ సెయింట్స్ 1855 నాటిది. బాస్కెట్‌బాల్ పుట్టిందే 1891లో. కాబట్టి ఈ చుట్టుపక్కల భవనాల మధ్య మిగిలిన చోటులోనే కోర్టు సర్దుకోవాల్సి వచ్చింది. అసలు ఆట పుట్టుకే అలాంటిది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పీచ్‌పండ్ల బుట్టలు రెండు తెప్పించి జిమ్‌లో గ్యాలరీ రెయిలింగుకు కొట్టించాడు. ఆ రెయిలింగు 10 అడుగుల ఎత్తున ఉంది. నేటికీ ప్రపంచమంతా రింగు ఎత్తు అదే, 3.05 మీటర్లు! గ్యాలరీలో కూచున్న జనం చెయ్యి చాపి బంతిని తోసేస్తుంటే అడ్డంగా పెట్టిందే బోర్డు. పారిస్‌లో రూ ద త్రెవీజ్ వీధిలో 1893 నాటి కోర్టు ఒకటుంది. దాని ఆటస్థలంలోనే ఇనుప స్తంభాలున్నాయి. మన వేపకొమ్మ ఎంతో నయం.

అన్నట్టు, ఆ 3.05 మీటర్లు మన దగ్గర అన్నిచోట్లా 3.05 కావు. పాత సిమెంటు పగిలిందని దాని మీదే కొత్త సిమెంటు పోస్తారు. నేల లేస్తుంది, పోలు లేవదు. మిగతా ఊళ్ళో రింగు అందని కుర్రాడు అక్కడ డంక్ కొట్టేసి వారం రోజులు నేల మీద నడవడు. అనుభవమున్న రెఫరీ టాస్‌కి ముందే టేపు తీస్తాడు.

గీతల గొడవ ఇంకా పెద్దది. త్రీ-పాయింట్ గీత మొదట 6.25 మీటర్ల దగ్గర ఉండేది, 2010లో 6.75కి జరిగింది. రింగు కింద వెడల్పయ్యే పాత ‘కీ’ కూడా అప్పుడే దీర్ఘచతురస్రమైంది. మన కోర్టుల్లో కొత్త పెయింటు వేశారు గానీ పాతది చెరపలేదు. ఎండకు కొత్తది వెలిసిపోయింది, పాతది తేలింది. ఇప్పుడు రెండూ ఒకే రంగు. బయటి ఊరి కుర్రాడు లోపలి గీత అవతల నిలబడి వేసి మూడు వేళ్ళు చూపిస్తాడు, రెఫరీ రెండు చూపిస్తాడు, ప్రేక్షకులు పది చూపిస్తారు. పీఈటీ సార్లందరికీ ఒక్క విన్నపం. పాత గీత మీద ముందు నేల రంగు పూయించండి, డబ్బా ఖర్చుతో మ్యాచ్‌కో తగువు తప్పుతుంది.

ఇక బోర్డులు. అద్దం బోర్డు చూసి పెరిగిన పిల్లలకు చెక్క బోర్డు కొత్త లోకం. వానకు తడిసి, ఎండకు ఆరి, పలక మధ్యలో ఉబ్బుతుంది. ఎడమవైపు బోల్టు వదులైతే ఆ పక్కన కొట్టిన బంతి చచ్చినట్టు కింద పడుతుంది, కుడివైపున కొడితే బాగానే లేస్తుంది. ఇంటి జట్టు ఎప్పుడూ కుడివైపు నుంచే ఎందుకు వస్తుందో బయటివాళ్ళకు అర్థమయ్యేసరికి రెండో క్వార్టర్ అయిపోతుంది.

స్కోరర్ల బల్ల దగ్గరా సందడే. కరెంటు పోతే బజర్ మోగదు, బడిగంట మోగుతుంది. 24 సెకన్ల గడియారం లేనిచోట ఓ కుర్రాడు స్టాప్‌వాచ్ పట్టుకుని గొంతు చించుకుంటాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల గుట్టల్లో పాత రూల్సు పుస్తకం దొరికితే తీసుకోండి గానీ సంవత్సరం చూసుకోండి. 2000కి ముందుదైతే 30 సెకన్లని ఉంటుంది.

పెళ్ళిళ్ళ సీజను కూడా ఇదేనాయె. అద్దెకిచ్చిన మైదానంలో షామియానా మేకులు దిగినచోట గుంటలు పడతాయి. తలంబ్రాల బియ్యం మీద కాలుజారి ట్రావెలింగ్ అయితే రెఫరీ ఏం చేస్తాడు? విజిలే వేస్తాడు. కానీ బియ్యం ఊడ్చి, గుంటలో మట్టి కూరి, ఆ నేలనే మళ్ళీ ఆటకు సిద్ధం చేసే బడి ఆయాలకూ వాచ్‌మన్‌లకూ దండం పెట్టాలి. వాళ్ళు లేకపోతే సగం కోర్టులు ఈపాటికి బస్సుల షెడ్లయ్యేవి. ఆబిడ్స్, నాంపల్లిలో ఇంకో కోర్టు కట్టాలంటే జాగా ఎక్కడుంది?

మొజంజాహీ మార్కెట్‌లో మామిడిపండు ఐస్‌క్రీం వచ్చేసింది, గెలిచిన జట్టుకు కోచ్ సార్ తినిపించక తప్పదు. ఇక ఫైనల్స్ తేదీలు వేసేవాళ్ళు క్యాలెండర్‌లో మృగశిర కార్తె చూసుకోండి. ఆ రోజు ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు, నాంపల్లి రోడ్లన్నీ జనమే జనం. మ్యాచ్ అనివార్యమైతే పిల్లల్ని లక్డీకాపూల్ దగ్గరే దించి నడిపించుకు రండి. వార్మప్ దారిలోనే అయిపోతుంది.