పంక్చరోళ్లం

మా పేరు ఎవరూ అడగరు. "సాయిబూ, టైరు చూడు" అంటరు, అంతే. 2025 ఏప్రిల్‌ల హర్యానాలోని హిసార్ సభలో ప్రధానమంత్రి కూడా మా పనినే యాదికి తెచ్చుకున్నరు. వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగ వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంక్చర్లు వేసుకుంట బతకాల్సి వచ్చేది కాదన్నరు. వక్ఫ్ లెక్కలు మేమూ అడుగుతం. కాని పంక్చరు తక్కువ పనని తేల్చింది ఎవరు?

హాలియాకి రండి. 1967ల సాగర్ ఎడమ కాల్వకి నీళ్లొదిలినంక ఈ మెట్ట నేలల్ల వరి మళ్లు పుట్టినయి. వడ్లెంట లారీలొచ్చినయి. లారీలెంట మా రేకుల షెడ్లొచ్చినయి. కోతల కాలంల మిర్యాలగూడ మిల్లులకి పోయే లోడు బండికి వెనక టైరు పేలితే అర్ధరాత్రయినా మా తలుపే కొడతరు.

లోడు లారీని లేపాలంటే బలం ఒక్కటే చాలదు, భయం కూడా ఉండాలె. వాలు మీద, మెత్తటి మట్టి మీద లేపం. హ్యాండు బ్రేకు వేసి, మిగిలిన చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెడతం. డ్రైవర్‌నీ క్లీనర్‌నీ దింపుతం. టైరు నేల మీదున్నప్పుడే నట్లు కొంచెం వదులు చేస్తం. లేపినంక గుంజితే బండి ఊగుతది. జాకీ అడుగున మందపాటి చెక్క వేస్తం, దాని తల ఇరుసు కింద ఆనిస్తం. లేచినంక ఇరుసు కింద స్టాండు పెట్టి బరువు దాని మీదికి దించుతం. స్టాండు లేకుంటే గట్టి చెక్క దిమ్మలు అడ్డం నిలువు పేరుస్తం. ఇటుకలు పెట్టం, అవి చెప్పకుండ పగుల్తయి. జాకీని నమ్మి ఎన్నడూ కిందికి దూరం. లోపల సీలు పోయి నూనె కారిందంటే బండి కూలబడుతది. జంట టైర్లయితే నట్లు పూర్తిగ విప్పకముందే రెండిట్ల గాలి తీస్తం. లాక్ రింగు టైరుకి గాలి కొట్టేటప్పుడు దాని ముంగట నిలబడం. ఆ రింగు ఎగిరితే మనిషి బతకడు.

ఇవేవీ మాకు బడిల చెప్పలే. ఉస్తాద్ తిట్లల్ల నేర్చుకున్నం. ముస్లింలల్ల జీతం నౌకర్లు తక్కువ, సొంత రెక్కల మీద బతికేటోళ్లు ఎక్కువ అని 2006ల సచార్ కమిటీ రాసింది. ఆ లెక్కల్లోని రెక్కలు మావి.

చివరికి నట్లు ఒకదానికెదురొకటి బిగిస్తం. కొంత దూరం పోయినంక ఆగి మళ్లీ బిగించమని చెప్పి పంపుతం. అద్దం ముంగట ఏ దేవుని బొమ్మ ఉందో చూడం.

మా పిల్లలు చదవాలె, కొలువులు చెయ్యాలె. ఈ పని సిగ్గని కాదు. నడుం పోయినంక పింఛను లేదు, చెయ్యి నలిగితే బీమా లేదు. జాలి మాటలు వద్దు. ఆ రెండూ ఇప్పించండి.