టీపాయ్ మూల

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా అడిగింది మా అమ్మాయి: "నాన్నా, ఇదెప్పుడు తగిలింది?"

మనవరాలి ఎడమ కనుబొమ్మ పైన రేగిపండంత బొప్పి. పొద్దుట్నుంచీ దాని వెనకాలే తిరుగుతున్నాను. గడప దగ్గర బోల్తా పడింది, చాప అంచు కాలికి తట్టి తూలింది, పరుపు మీంచి జారింది. వీటిలో ఈ బొప్పి ఎవరి పుణ్యమో నాకు మాత్రం ఏం తెలుసు?

న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఓ లెక్క ప్రచురించారు. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే కూర్చుని లెక్కపెట్టారట. సగటున గంటకి 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. అది చదివాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. గంటకి 17 పడితే ఒకటీ అరా కాపలావాడి కన్ను దాటిపోవా? అమ్మాయి ఒప్పుకోలేదనుకోండి.

ఈ నడకకి మనవాళ్లు తప్పటడుగులని పేరు పెట్టారు. పెద్దవాళ్ల విషయంలో అదే మాట నింద. పిల్లలు వేస్తే మాత్రం పిండివంటలు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు. పోయిన నెల మా ఇంట్లోనూ చాప మీద అరిసెలు పరిచి నడిపించారు. నాలుగో అరిసె దగ్గర కూలబడి, దాన్నే చేతిలోకి తీసుకుని చీకడం మొదలుపెట్టింది.

ఇరవై ఏళ్లుగా మా హాల్లో టీపాయ్ ఉంది. దానికి నాలుగు మూలలున్నాయని మొన్ననే తెలిసింది. పాత తువ్వాలు చింపి మూలలకి చుట్టి టేపు వేశాను. మధ్యాహ్నానికల్లా పీకి పారేసింది.

నుదుటి దగ్గర చర్మం కిందే ఎముక. రక్తనాళాలు ఎక్కువ. అందుకే చిన్న దెబ్బకే అంత పొంగుతుంది. మా ఆవిడ కొంగు ముద్ద చేసి, నోటి ఆవిరి పట్టి అద్దుతుంది. డాక్టరేమో గుడ్డలో ఐసుముక్క చుట్టి పెట్టమంటాడు. పిల్ల రెండింటికీ తల విదిలించుకుంటుంది. వాంతులైనా, మగతగా పడి ఉన్నా ఇవేవీ చూస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. మామూలు దెబ్బైతే నాలుగు రోజులు రంగులు మారుతుంది. చర్మం కింద చేరిన రక్తం విరిగేకొద్దీ నీలం, ఆకుపచ్చ, ఆఖర్న పసుపు. "దిష్టిచుక్క అదే పెట్టుకుంది" అంటుంది మా ఆవిడ.

నేను కనిపెట్టిందొకటుంది. పడగానే ఏడవదు. ముందు నా మొహం చూస్తుంది. "అయ్యో" అన్నానా, రాగం అందుకుంటుంది. పేపరు తిరగేస్తే పిర్రలు పైకెత్తి, రెండు చేతులూ నేలకానించి లేచిపోతుంది. ఈ వయసులో మొహాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటున్నాను. మా ఆవిడకి ఆ బాధ లేదు. నేలని నాలుగు బాదుతుంది. నేలేం చేసిందే అంటే వినదు. ఏడుపు మాత్రం ఠక్కున ఆగుతుంది, అదే నాకు మింగుడుపడదు.

"ఎక్కడమ్మా తగిలింది, చూపించు" అంది అమ్మాయి. పిల్ల చంక దిగి, తూలుకుంటూ టీపాయ్ దగ్గరికి వెళ్లింది. మూల మీద ఫట్మని ఒక్కటిచ్చింది. ఆ ఊపుకే వెనక్కి కూలబడింది.

కూర్చున్నచోటి నుంచే మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూసింది.