అది ఇంకెవరిది?

పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం చేయించిన ఆ కారు 1912 నాటిది. దానికి గోడలున్నాయి, కాపలా ఉంది. వీధిలో నిలిపే మన పాత కార్లకు ఆ భాగ్యం లేదు.

మా అంబాసిడర్ పక్క అద్దం ఒక రాత్రి మాయమైంది. ఈ కారు తయారీని హిందుస్థాన్ మోటార్స్ 2014లోనే ఆపివేసింది. కొత్త సామాను అరుదైన కొద్దీ పాతదానికి గిరాకీ పెరుగుతుంది. గిరాకీ ఉన్నచోట దొంగ కన్ను పడుతుంది.

"పాత సామాను అమ్మేచోట వెతకండి సార్, మీ అద్దమే సగం ధరకు దొరుకుతుందేమో!" అన్నాడు మా మెకానిక్ నవ్వుతూ. ఇంట్లో ఈ మాట చెబితే నా భార్య నవ్వలేదు. "మనది దొరక్కపోతే, అక్కడ మనం కొనే అద్దం ఇంకెవరిదండీ?" అంది.

పొట్టకూటికి టాక్సీ నడిపే ఎవరిదో కావచ్చు కదా! జుమ్మేరాత్ బజారులో పాత సామాను న్యాయంగా అమ్ముకొని బ్రతికేవారు ఎందరో ఉన్నారు. పాత వస్తువు కొనడం తప్పు కాదు. ఎక్కడిదని అడగకపోవడమే తప్పు.

దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణముండి కూడా దురుద్దేశంతో తీసుకొన్నవారికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చని, 2024 జూలై 1 నుండి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ చెబుతోంది. దొంగిలవద్దన్న ఆజ్ఞ కొనేవారికీ వర్తిస్తుంది.

రసీదు ఇచ్చే దుకాణంలో అద్దం దొరికేసరికి నెల పట్టింది. అన్నాళ్లూ కారు కదపలేదు, బస్సుల్లోనే తిరిగాం. ప్రియ పాఠకులారా, మరీ చౌకగా వస్తోందంటే ఒక్క క్షణం ఆగండి. రసీదు అడగండి. కొనేవారు లేనిదే దొంగకు పని లేదు.