జుట్టుకు ఏం రాయాలి? అసలు ఏం తీసెయ్యాలి?

మీ బాత్రూం అరలో జుట్టు కోసం కొన్న సీసాలు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. షాంపూ, కండిషనర్, సీరం, హెయిర్ మాస్క్, లీవ్-ఇన్ క్రీమ్, డ్రై షాంపూ, రెండు రకాల నూనెలు... మా ఫ్లాట్‌లో 11 తేలాయి. అందులో 9 మా చెల్లివి. ఆ తొమ్మిదిలో జుట్టు మీద ఏదో ఒకటి వేసేవి 8. ఉన్నదాన్ని తీసేది ఒక్కటే. అదీ 'అతి మృదువు' అని రాసి ఉన్న షాంపూ!

అసలు సంగతంతా ఈ లెక్కలోనే ఉంది. కానీ చెల్లి మూడు నెలలుగా అద్దంలోకే చూస్తోంది తప్ప ఆ అర వైపు చూడలేదు.

తెనాలి దగ్గర మా ఊళ్లో ఉన్నంతకాలం తన జుట్టుకు పెద్ద హంగామా ఉండేది కాదు. వారానికోసారి కొబ్బరినూనె, తలంటు. అంతే. నడుము దాకా జడ. ఉద్యోగం ట్రైనింగ్ అని హైదరాబాద్ వచ్చి నాతో ఉండటం మొదలుపెట్టిన మూడు నెలల్లో కథ మారిపోయింది. పొద్దున తలస్నానం చేస్తే సాయంత్రానికి మాడంతా జిడ్డు. చివర్లేమో ఎండుగడ్డి. దువ్వెన దిగదు. ఒకటే దురద. పార్లర్‌కి వెళ్తే, "హెయిర్ మొత్తం డ్యామేజ్ అయిపోయింది మేడం, కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకోండి, 8 వేలు అవుతుంది" అన్నారట. తన స్టైపెండే 15 వేలు.

రాత్రి ఒంటిగంటకు లేచి చూస్తే ఫోన్ వెలుగులో రీల్స్ చూస్తూ కూర్చుని ఉండేది. ప్రతి రీల్ చివరా ఒక కొత్త సీసా. ఒకరోజు నా పక్కన కూర్చుని, "అక్కా, మెడ దాకా కత్తిరించేస్తా. పొద్దున లేస్తే దీని గురించే ఆలోచన. నావల్ల కావట్లేదు" అంది. పొట్టి జుట్టు ఇష్టమై కత్తిరించుకుంటానంటే నేనే తోడు వెళ్లేదాన్ని. కానీ తను ఓడిపోయినట్టు చెప్పింది. ఆరో తరగతి నుంచి అమ్మ అరుగు మీద కూర్చోబెట్టి అల్లిన జడ అది. ఇంకో నెలలో పెద్దమ్మ కూతురి పెళ్లి. ఆ పెళ్లికి కూడా రానంటోంది.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక పద్ధతి ఉంది. నిన్నటిదాకా బాగా నడిచిన సిస్టమ్ ఇవాళ మొరాయిస్తే, దాన్ని తీసి పారెయ్యం. 'మధ్యలో ఏం మారింది?' అని వెతుకుతాం. చెల్లి జుట్టు విషయంలో మారినవి రెండే. ఒకటి నీళ్లు, రెండు సీసాలు.

పేరుకునేవి మూడు రకాలు

వెంట్రుక తల బయటికి వచ్చాక అందులో ప్రాణం ఉండదు. ప్రాణమంతా కుదురులోనే. బయట కనిపించేది కెరటిన్ అనే ప్రొటీన్‌తో చేసిన పోగు. దాని పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. చిన్న చిన్న పొలుసులు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. అవి సాఫీగా పడుకుని ఉంటే జుట్టు మెరుస్తుంది, దువ్వెన జారుతుంది. వాటి మీద ఏదైనా పేరుకుంటే మెరుపు పోతుంది, జుట్టు బరువుగా వేలాడుతుంది.

పేరుకునేవాటిలో మొదటిది జిడ్డు. మాడులోంచి ఊరేది కొంత, మనం రాసే నూనె కొంత. దీనికి మామూలు షాంపూ చాలు. షాంపూలోని అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీళ్లను పట్టుకుంటుంది. నీళ్లు పోయగానే జిడ్డును వెంటబెట్టుకుని పోతుంది. కుంకుడుకాయలోని సాపోనిన్లు చేసేదీ ఈ పనే.

రెండోది సిలికోన్లు, పాలిమర్లు. సీరం సీసా వెనక్కి తిప్పి చూస్తే డైమెథికోన్, అమోడైమెథికోన్, పాలీక్వాటర్నియం లాంటి పేర్లు కనిపిస్తాయి. ఇవి విషాలేం కావు. వెంట్రుక మీద సన్నటి పొరలా పరుచుకుని రాపిడి తగ్గిస్తాయి, మెరుపునిస్తాయి. కానీ డైమెథికోన్ నీళ్లలో కరగదు. అతి మృదువైన షాంపూతో పూర్తిగా వదలకపోవచ్చు. నిన్నటి పొర మీద ఇవాళ్టి పొర, దాని మీద రేపటిది. డ్రై షాంపూదీ ఇదే తంతు. పేరులో షాంపూ ఉంది గానీ అది కడగదు. అందులోని పిండి పదార్థం జిడ్డును పీల్చుకుని, మళ్లీ తలస్నానం చేసేదాకా మాడు మీదే కూర్చుంటుంది.

మూడోది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయి చుట్టూ తెల్లగా గట్టిపడి ఉంటుంది చూడండి, అవే. బకెట్‌ను వదలనివి జుట్టును వదులుతాయా? మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఒక్కో అపార్ట్‌మెంట్ బోరు ఒక్కో రకం. వేసవిలో ట్యాంకర్ వస్తే అది ఇంకో రకం.

ఇప్పుడు చెల్లి చిక్కుకున్న ఉచ్చు చూడండి. పొరలు పేరుకుని జుట్టు నిర్జీవంగా కనిపిస్తుంది. పాడైపోయిందనుకుని ఇంకో సీరం కొంటుంది. దాంతో ఇంకో పొర. రెండ్రోజులు మెరుస్తుంది, మూడో రోజు మళ్లీ మొదటికే. మందే జబ్బును పెంచుతుంటే, ఎన్ని సీసాలు కొన్నా తెగదు.

నీళ్లు ఏమన్నాయి?

ముందు నీళ్ల సంగతి తేల్చాం. రెండు ఖాళీ వాటర్ బాటిళ్లు తీసుకుని, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు సగం దాకా పోశాం. రెండింట్లో సమానంగా కాస్త సబ్బు తురిమి వేసి గిలకొట్టాం. ఆర్వో బాటిల్ నిండా నురగ. బోరు నీళ్ల బాటిల్‌లో నురగ లేదు సరికదా, విరిగిన పాలలా తెల్లటి తెట్టు తేలింది. సబ్బు కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారడం అంటే అదే. టీడీఎస్ మీటర్ ఉంది కదా అంటారేమో. అది నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి చెబుతుంది. కాల్షియం, మెగ్నీషియం ఎంతో విడిగా చెప్పదు.

అమ్మకు ఫోన్ చేసి చెబితే, "వచ్చిన మొదటి వారమే చెప్పాను కదే, ఆ నీళ్లు దానికి పడవని! కాలువ నీళ్లతో పెరిగిన జుట్టది" అంది. అమ్మ చెప్పింది సగం నిజం. మిగతా సగం అరలో ఉంది.

జిడ్డును, సిలికోన్‌ను వదిలించడానికి క్లారిఫయింగ్ షాంపూలు ఉంటాయి. వీటిలో సోడియం లారెత్ సల్ఫేట్ లాంటి గట్టిగా కడిగే పదార్థాలు ఎక్కువ, పూత పూసేవి తక్కువ. ఖనిజాల పొరకు మాత్రం కీలేటింగ్ షాంపూ కావాలి. లేబుల్ మీద డైసోడియం ఈడీటీఏ గానీ టెట్రాసోడియం ఈడీటీఏ గానీ ముందు వరసల్లో ఉందా అని చూడాలి. అట్టడుగున ఉంటే అది షాంపూ నిల్వ ఉండటానికి కలిపిన చిటికెడే. ఈడీటీఏ కాల్షియాన్ని, పీత తన ముందుకాళ్లతో బిగించి పట్టుకున్నట్టు పట్టేసుకుంటుంది. కీలేట్ అన్న మాట కూడా గ్రీకులో పీత కాలి పట్టును చెప్పే మాట నుంచే వచ్చింది. మేం రెండు పనులూ చేసే షాంపూ ఒకటి తెచ్చాం. కెరటిన్‌కు అడిగిన 8 వేలలో పదో వంతు కూడా కాలేదు.

ఆ ఆదివారం

తలస్నానానికి ముందే, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీశాం. తడి జుట్టు పొడి జుట్టు కంటే తొందరగా సాగి తెగుతుంది, అందుకే ముందే. తర్వాత గోరువెచ్చటి నీళ్లు. మొదట జుట్టు తడవనే లేదు. తామరాకు మీద బొట్టులా నీళ్లు జారిపోయాయి. పొర ఎంత మందంగా ఉందో అప్పుడు అర్థమైంది.

షాంపూను మగ్గులో కొంచెం నీళ్లలో కలిపి మాడుకు పట్టించాం. గోళ్లతో గీకకుండా వేళ్ల కొసలతో మర్దన. అన్నట్టు షాంపూ అనే మాట ఇంగ్లిషుకు వెళ్లింది మన దేశం నుంచే. హిందీలో 'చాంపో' అంటే నొక్కు, మర్దన చెయ్యి అని. మొదటి విడత నురగే రాలేదు. కడిగేసి రెండోసారి పెడితే వచ్చింది. రెండు నిమిషాలు ఉంచాం. పొడవును మాత్రం బట్టలు ఉతికినట్టు రుద్దలేదు. పైనుంచి జారే నురగే దానికి చాలు. కడిగాక చెవుల కింది నుంచి చివర్ల దాకా కండిషనర్, మూడు నిమిషాలు. ఇది వదిలేయకూడదు. పొరలన్నీ పోయిన వెంట్రుకకు రాపిడి నుంచి కాస్త కాపు కావాలి. ఆఖరున రెండు మగ్గుల ఆర్వో నీళ్లు. తువ్వాలుతో పిండకుండా పాత కాటన్ టీషర్టుతో అద్ది ఆరబెట్టాం.

ఆరాక చెల్లి జుట్టును చేత్తో ఎత్తి వదిలింది. మళ్లీ ఎత్తి వదిలింది. "తేలిగ్గా ఉందక్కా" అంది. మూడు నెలల్లో తన జుట్టు గురించి మాట్లాడుతూ నవ్వడం అదే మొదటిసారి.

అద్భుతం జరిగిందని చెప్పను. మాడు దురద తగ్గింది, బరువు పోయింది, మెరుపు చాలావరకు వచ్చింది. చివర్లు మాత్రం చీలిపోయే ఉన్నాయి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన చెల్లి జడ చివరి వెంట్రుకకు దాదాపు 5 ఏళ్లు. ఇంటర్ చదివేటప్పుడు మొలిచింది. అయిదేళ్ల ఎండ, దువ్వెన, రబ్బరు బ్యాండ్లు అన్నీ భరించింది. చీలిన కొసను అతికించే సీసా ఏదీ లేదు. రెండంగుళాలు కత్తిరించాం. మెడ దాకా కాదు, రెండంగుళాలే.

తీయడంలోనూ అతి వద్దు

ఈ మాట చెబితే కొందరు వంటసోడా డబ్బా తీస్తారు. వద్దు. మన మాడు పీహెచ్ 5.5 దగ్గర, కాస్త ఆమ్లం వైపు ఉంటుంది. వంటసోడా నీళ్ల పీహెచ్ 8 దాటుతుంది. దాంతో పొలుసులు విచ్చుకుని జుట్టు గరుకెక్కుతుంది, తెగుతుంది. నిమ్మరసం నేరుగా పిండితే అది అటువైపు అతి. గిన్నెలు తోమే లిక్విడ్ గిన్నెలకే. క్లారిఫయింగ్ షాంపూ కూడా రోజూ వాడేది కాదు. మూడు, నాలుగు వారాలకోసారి చాలు. రంగు వేసుకున్నవాళ్లయితే ఇంకా తక్కువ, రంగు తొందరగా దిగిపోతుంది.

ఇక కెరటిన్ ట్రీట్‌మెంట్. జుట్టును సాఫీ చేసే కొన్ని ట్రీట్‌మెంట్లలో వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకంగా తేల్చింది. చేయించుకోవాలనుకుంటే అందులో ఏముందో అడిగి, లేబుల్ చూశాకే కుర్చీలో కూర్చోండి.

జుట్టు రాలుతోందన్న భయానికి కూడా ఒక లెక్క ఉంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. వారానికి రెండుసార్లే తల రుద్దుకుంటే, మధ్యలో రాలినవన్నీ ఆరోజే ఒక్కసారిగా చేతికొస్తాయి. అది చూసి గుండె జారక్కర్లేదు. కానీ బిళ్లలు బిళ్లలుగా ఊడుతున్నా, మాడు ఎర్రబడి పొట్టు రాలుతున్నా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే. డెంగీ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం తగ్గిన రెండు, మూడు నెలలకు కూడా జుట్టు బాగా రాలొచ్చు. షాంపూ మారిస్తే ఆగే రకం కాదది.

ఆ తర్వాత రెండు వారాలు చెల్లి షాంపూ, కండిషనర్ తప్ప ఏదీ ముట్టుకోలేదు. ఆపైన రెండు వారాలకు ఒకటి చొప్పున పాతవి వాడి చూసింది. సీరం ఒకటి నిలిచింది, అదీ చివర్లకు రెండు చుక్కలు. నూనె తలస్నానానికి ముందే. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది. పెళ్లికి వెళ్లింది. అమ్మ జడ వేసి, మల్లెపూలు పెట్టి, "నే చెప్పలా, నీళ్లేనని!" అని మళ్లీ అంది.

అమ్మ ఈసారి ఎండు కుంకుళ్లు మూట కట్టి పంపింది. రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, పల్చటి బట్టలో వడకట్టి నూనె పెట్టుకున్న వారం వాడుకుంటున్నాం. నానమ్మల కాలం కుంకుడు వదలగొట్టింది కొబ్బరినూనెను, ఆముదాన్ని. డైమెథికోన్ వాళ్లకు తెలీదు. అందుకే ఆ సీసా కూడా పక్కన ఉంచుకున్నాం.

మీ సంగతి తేల్చుకోవాలంటే, ఈ ఆదివారం తల రుద్దుకోబోయే ముందు దువ్వెనకు చిక్కిన వెంట్రుక ఒకటి తీసుకోండి. రెండు గోళ్ల మధ్య పెట్టి మెల్లగా లాగండి. గోరుకు తెల్లగా మైనంలాంటిది అంటితే ఏదో పేరుకుందని అర్థం, కొత్త సీసా కొనకండి, ముందు అది వదిలించండి. ఏమీ అంటకుండా చివర రెండుగా చీలి ఉంటే షాంపూల జోలికి పోకండి, కత్తెర చాలు. ఒకటో, రెండో అంగుళాలు.