జారిన స్వరం తిరిగి ఇల్లు చేరాలంటే

మీ ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ ఉందా? ఉంటే దాని బ్రిడ్జికి ఓ సన్నటి కడ్డీ తగిలించి ఉందేమో చూడండి. వాయిస్తూ ఆ కడ్డీని నొక్కితే స్వరం కిందికి జారుతుంది, వదిలితే తన చోటికి వచ్చేస్తుంది. ఇలా కడ్డీతో ఊగే బ్రిడ్జినే ట్రెమొలో బ్రిడ్జి అంటారు. ఇవాళ దాని కబుర్లే చెప్పుకుందాం. ఎందుకంటే శ్రుతి నిలవడం లేదని మంచి గిటార్లని మూలన పడేస్తున్న పిల్లల్ని చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. చాలాసార్లు అరిగేది ఆ బ్రిడ్జి ఒక్కటే. దాన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు.

గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1954లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి స్ట్రాటోకాస్టర్ గిటార్‌ని తెచ్చినప్పుడు ఈ బ్రిడ్జిని కూడా దానితోనే తెచ్చాడు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ అమెరికా జాతీయగీతాన్ని బాంబుల మోతలా వాయించింది దీని ఆసరాతోనే. మరో గిటారిస్టు జెఫ్ బెక్ అయితే పాటలో మలుపుల్ని ఆ కడ్డీతోనే తిప్పేవాడు. మన చెవికి అది అచ్చం గమకంలా తోస్తుంది.

లోపల ఏముందో చూద్దాం. పైన ఒక లోహపు పలక ఉంటుంది. దాని ముందు అంచుని వరసగా ఆరు స్క్రూలు పట్టుకుని ఉంటాయి. పలక కింద బరువైన దిమ్మ గిటార్ పొట్టలోకి దిగి ఉంటుంది. తీగలు ఆ దిమ్మలోంచే పైకొస్తాయి. గిటార్ వెనక మూత తీస్తే దిమ్మని పట్టి లాగుతున్న స్ప్రింగులు కనిపిస్తాయి. 9 నంబరు తీగల సెట్టు శ్రుతి చేస్తే అవన్నీ కలిసి దాదాపు 38 కిలోల బలంతో ముందుకి లాగుతాయి. స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. త్రాసులో రెండు తట్టలూ సరితూగినట్టు ఈ రెండూ సరితూగిన చోటే శ్రుతి నిలుస్తుంది.

మరి అరిగేదెక్కడ? పలకని ఊడదీసి (ఎలాగో కింద చెప్తాను), తిరగేసి, స్క్రూ రంధ్రాల అంచుల్ని ఎండలో పట్టి చూడండి. కొత్తదానికి అంచు పదునుగా ఉంటుంది. పాతదానికి మొద్దుబారి, గోటితో గీస్తే సన్నటి గాడి తగులుతుంది. కడ్డీ వదిలినప్పుడల్లా పలక ఆ గాడిలో ఓసారి ఇక్కడ, ఓసారి అక్కడ ఆగుతుంది. శ్రుతి తప్పేది అందుకే. పైగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి చేతి చెమట తోడై, తీగల్ని మోసే శాడిళ్ల స్క్రూలు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. అలెన్ కీ పెట్టినా కదలవు.

కొత్తది కొనేముందు కొలతలు తీయండి. అసలు పని ఇక్కడే ఉంది. ఆరు స్క్రూల్లో మొదటిదాని నడిమి నుంచి చివరిదాని నడిమికి ఎంతో చూడండి. పాత ఫెండర్ కొలత సుమారు 56 మిల్లీమీటర్లు. ఇతర తయారీల్లో అంతకన్నా తక్కువ ఉండొచ్చు. స్క్రూలకి బదులు రెండే గూటాల మీద ఊగేవి వేరే జాతి, వాటిని దీనికి తగిలించాలంటే చెక్కకి కొత్త రంధ్రాలు వేయాల్సిందే. దిమ్మ లోతు కూడా కొలవండి. స్ట్రాటోకాస్టర్ చెక్క మందం దాదాపు 45 మిల్లీమీటర్లు. చవక గిటార్లలో చెక్క పలచగా ఉంటే, పొడుగు దిమ్మ వెనకనుంచి బయటికి పొడుచుకొస్తుంది. కడ్డీ మరల కూడా అన్నిటికీ ఒకటి కాదు, కాబట్టి బ్రిడ్జితో వచ్చిన కడ్డీనే వాడండి.

ఇక విప్పడం. ముందు తీగలన్నిటినీ పూర్తిగా వదులు చేసి తీసేయండి. స్ప్రింగుల్ని పకారుతో పట్టి, మొహం దూరంగా పెట్టుకుని ఒక్కొక్కటీ ఊడదీయండి. స్ప్రింగుల కొక్కేనికి అతికిన తీగ గ్రౌండు వైరు, దాన్ని కదపకండి. ఆపైన ఆరు స్క్రూలూ విప్పి పలకని పైకి తీయండి. స్క్రూ రంధ్రం వదులైపోయి ఉంటే, పంటిపుల్లలకి చెక్క జిగురు రాసి రంధ్రంలో నిండా కూరి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైన సమం చేసి సన్నటి బెజ్జం మళ్లీ వేయండి. స్క్రూ మరలకి కాస్త కొవ్వొత్తి మైనం రాస్తే చెక్క చీలదు.

కొత్త పలకని కూర్చోబెట్టాక ఆరు స్క్రూల్నీ గట్టిగా బిగించేయకండి! బిగిస్తే పలక ఊగదు. అది హాయిగా ఊగేంత సందు ఉండాలి. చివరి రెండిటినీ ఆనేలా ఉంచి, మధ్య నాలుగింటినీ వెంట్రుకవాసి పైకి వదిలితే ఇంకా మేలు. మూడు స్ప్రింగులు తగిలించి తీగలు వేయండి. కొక్కెం స్క్రూల్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేస్తూ, పలక వెనక అంచు చెక్కకి 3 మిల్లీమీటర్ల ఎత్తున నిలిచేదాకా తీసుకురండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

తర్వాత మెడ మీది పన్నెండో ఫ్రెట్ సంగతి. అక్కడ తీగని తేలిగ్గా తాకితే వచ్చే నాదం, నొక్కితే వచ్చే స్వరం ఒకటే కావాలి. నొక్కినది ఎక్కువగా పలికితే శాడిల్‌ని వెనక్కి జరపండి, తక్కువగా పలికితే ముందుకి.

చివరగా కడ్డీని నిండా నొక్కి వదలండి, ట్యూనర్ చూడండి. కొత్త తీగలు మొదట్లో సాగుతాయి కనుక కాసేపు లాగి, మళ్లీ శ్రుతి చేసి చూడండి. ఇంకా తేడా ఉంటే బ్రిడ్జిని అనుమానించకుండా మెడ చివరున్న నట్ చూడండి. తీగ అక్కడ పట్టేస్తుంటే పెన్సిల్ ముల్లుతో ఆ గాడుల్లో రుద్దండి. శ్రుతి మాత, లయ పిత అని మన పెద్దలు ఊరికే అనలేదు. స్వరాన్ని ఎంత దూరమైనా జార్చండి, అది శ్రుతి చేరిందంటేనే మీ పని పూర్తయినట్టు.