మబ్బు లేని ఊళ్లో డార్క్‌రూమ్

మీరెప్పుడైనా అవుట్‌డోర్ షూటింగ్ చూశారా? సూర్యుడికి మబ్బు అడ్డం వస్తే చాలు, కెమెరామన్ మొహం మాడిపోతుంది. ఆ మబ్బు ఎప్పుడు తొలగుతుందా అని యూనిట్ యావత్తూ ఆకాశంకేసి చూస్తుంది. మా అనంతపురంలోనూ జనం ఆకాశంకేసే చూస్తారు... కాకపోతే, మబ్బు ఎప్పుడొస్తుందా అని! ఫోటోగ్రాఫర్‌కి వరమైన ఎండ ఇక్కడి రైతుకి శాపం. ఆ రెండింటి మధ్యా నలభై ఏళ్లు మెడలో కెమెరాతో తిరిగినవాణ్ణి నేను.

నైరుతి వానల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య వానలు కోస్తా దాటి ఇంత దూరం వచ్చేసరికి నీరసించిపోతాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు. శెనక్కాయ ఊడలు దిగే వేళకి ఆ కాస్త వానా పడకపోతే అంతే సంగతులు! పంట పండిన ఏడు పెళ్లిళ్లు, పెళ్లిళ్లుంటే మాకు ఆల్బమ్‌లు. ఎండిన ఏడు మాత్రం అప్పు దరఖాస్తుకు అతికించే పాస్‌పోర్టు సైజులే దిక్కు.

మా తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డిగారి 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లీ కురిపించిన వెన్నెల చూసి కెమెరా పట్టాలనుకున్నాను. తీరా పట్టాక నాకు దక్కింది మండుటెండ! మొదటిది ఆగ్ఫా క్లిక్ త్రీ. రోలుకి పన్నెండు బొమ్మలు. ఆ తర్వాత అప్పుచేసి కొన్నది యాషికా మ్యాట్. పైనుంచి తల వంచి చూసి తీయాలి దాంతో. అందుకే పల్లెల్లో అవ్వలు "ఈయప్ప దండం పెట్టి బొమ్మ తీస్తాండాడే" అని నవ్వేవాళ్లు. ఇప్పటికీ నాకు ఇష్టమైన కెమెరా అదే.

ఆ కెమెరాతోనే తిమ్మమ్మ మర్రిమాను తీయబోయి ఓడిపోయాను. కదిరి దగ్గర ఐదెకరాలకు దగ్గరగా పరుచుకున్న మహావృక్షం. ఎంత వెనక్కి నడిచినా ఫ్రేములో పట్టదు! బెంగుళూరు ఫోటో జర్నలిస్టు రిగ్రెట్ అయ్యర్ పట్టుదల వల్ల 1989లో గిన్నిస్ బుక్‌కి ఎక్కింది. 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. కరువు సీమ అంటే ఎండిన నేల మాత్రమే అనుకునేవాళ్లు దాని నీడన ఒక పూట కూర్చుని రావాలి.

ఇక డార్క్‌రూమ్ గొడవ చెబుతాను. డెవలపర్ ఇరవై డిగ్రీల చల్లగా ఉండాలి. బయట నలభై! కొత్త మట్టికుండలో నీళ్లు పోసి, ఆ చల్లటి నీళ్లలో సీసాలు నిలబెట్టేవాణ్ణి. అసలు కష్టం ఆ తర్వాతది. ప్రింటుకి పట్టిన హైపో పోవాలంటే పారే నీళ్లలో బాగా కడగాలి. బిందె కోసం ఆడవాళ్లు బారులు తీరిన వీధిలో పారే నీళ్లెక్కడివి? మూడు ట్రేలు మార్చి, అంతటితో సరిపెట్టేవాణ్ణి. హైపో మిగిలితే ఫోటో కొన్నేళ్లకి పసుపు తిరుగుతుంది. మా ఊరి పాత ఆల్బమ్‌లు విప్పి చూడండి. ఏ పెళ్లి కరువేట జరిగిందో రంగే చెబుతుంది!

1876-78 నాటి ధాతు కరువులో హూపర్ అనే తెల్ల సైనికాధికారి మద్రాసు రాజధానిలో ఎముకల గూళ్లయిన మనుషుల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. తీశాడే గానీ సాయం చేయలేదని అప్పట్లోనే తిట్టారు. నేనూ తిట్టాను... అలాంటి పని నేను చేసేదాకా!

1980ల్లో ఒక కరువేడు. ఒక పత్రిక కరువు బొమ్మలు పంపమంది. కళ్యాణదుర్గం దాటాక ఒక పల్లెలో, నెర్రెలు విచ్చిన చెరువులో ఒక రైతుని కూర్చోబెట్టాను. "తలమీద చెయ్యి పెట్టుకో పెద్దాయనా" అన్నాను. పెట్టుకున్నాడు. క్లిక్!

ఆయన లేచి దుమ్ము దులుపుకుని, "సామీ, చెరువు ఎండింది గానీ నా మొగం ఎండలేదప్పా. ఇంగొకటి తియ్యి" అన్నాడు. ఇంటికి పోయి పెళ్లినాటి తలగుడ్డ చుట్టుకొచ్చి, ఎద్దు మెడమీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆయన మాట కాదనలేక పన్నెండో బొమ్మ తీశాను. పత్రికకి మాత్రం మొదటిదే పంపాను. పెద్దదిగా వేశారు. సంతోషించాను కూడా.

చాలా ఏళ్లకి ఆయన కొడుకు స్టూడియో వెతుక్కుంటూ వచ్చాడు. "మా నాయన పోయినాడు సామీ. దినాలకి పటం గావాల. ఇంట్లో ఒక్క ఫోటో గూడా లేదు" అన్నాడు. అచ్చయిన బొమ్మ ఉంది కదా అన్నాను. అతను తల దించుకున్నాడు. "అది జూసిన పొద్దు నుంచి నెల్లాళ్లు నాయన సంతకు పోలేదు సామీ."

ఆ రాత్రి డబ్బాలన్నీ వెతికాను. బటర్ పేపరు కవరులో దొరికింది పన్నెండో నెగటివ్. తలగుడ్డ, ఎద్దు, ఆ మొహంలో దర్జా – అన్నీ ఉన్నాయి. ఎన్లార్జ్‌మెంట్ వేశాను.

ఆ వేసవిలో మాకు ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చేది. అయినా ఆ ప్రింటుకి పది ట్రేల నీళ్లు మార్చాను.