గ్లేసియర్ ముందు నాన్న ప్రశ్న

మాది రేపల్లె, నా ఉద్యోగం సియాటిల్‌లో. పెనుమూడి వంతెన లేని రోజుల్లో కృష్ణ దాటాలంటే పడవే దిక్కని నాన్న ఎప్పుడూ చెప్తుంటారు. పోయిన వేసవిలో అమ్మానాన్నల్ని అలాస్కా తీసుకెళ్లా. 'పడవెక్కుదామా?' అనగానే ముందు లేచింది ఆయనే. అమ్మేమో స్వెట్టర్ మీద శాలువా, దానిమీద నా జాకెట్ వేసుకుని, పులిహోర డబ్బాతో బయల్దేరింది.

యాంకరేజ్ నుంచి కార్లో గంట వెళ్తే పోర్టేజ్ సరస్సు. ఒడ్డున 1986లో తెరిచిన సందర్శకుల కేంద్రం ఉంది. అప్పట్లో దాని కిటికీల్లోంచే గ్లేసియర్ కనిపించేదట. ఇప్పుడు విరిగి, కరిగి, కొండ మలుపు వెనక్కి వెళ్లిపోయింది. చూడాలంటే పడవలో గంట టూరు.

మలుపు తిరగ్గానే అందరి ఫోన్లూ పైకి లేచాయి. తెల్లగా ఉంటుందనుకున్నాం, నీలంగా ఉంది! ఏళ్ల తరబడి బరువుకి గాలి బుడగలు పోయి గట్టిపడిన ఐసు ఎర్రటి కాంతిని పీల్చేసుకుంటుంది, నీలం మిగులుతుంది. నేనిది వివరిస్తుంటే నాన్న మధ్యలో ఆపారు.

"ఇదంతా కరిగి ఎక్కడికి పోతుందిరా?"

"చివరికి సముద్రంలోకే నాన్నా."

"మన నిజాంపట్నం దగ్గరున్నదీ సముద్రమేగా!"

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్లు. నా దగ్గర జవాబు లేదు. ఒడ్డుకొచ్చాక అమ్మ పులిహోర పెడితే ముగ్గురం మాట్లాడకుండా తిన్నాం.

పడవలు తిరిగేది మే నుంచి సెప్టెంబరు దాకానే. వెళ్తే పెద్దవాళ్లని తీసుకెళ్లండి. జాకెట్లతోపాటు జవాబులు కూడా సిద్ధం చేసుకోండి.